వయసు గడిలో నలభై రెండు

కోరుట్లలో శారద ఉండే గల్లీలో ఏ ఆడమనిషికైనా గర్భసంచి తీయించుకోవలసి వస్తే, ముందుగా అడిగే ప్రశ్న ఏ దవాఖాన అని కాదు, శారదక్క వస్తుందా అని. ఇరవై ఒక్క ఏళ్ల కిందట జగిత్యాలలోని ఒక నర్సింగ్ హోమ్‌లో ఆమెకు ఆ ఆపరేషన్ జరిగింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏడేళ్లు. గల్లీలో ఆ దారి తొక్కిన మొదటి మనిషి కాబట్టి అందులోని ప్రతి మలుపూ ఆమెకు తెలుసు. ఏ పూట పోతే వరుస తక్కువగా ఉంటుందో తెలుసు. మత్తు దిగే మనిషి నీళ్లు అడిగితే పెదాలు తడపాలే తప్ప తాగించకూడదని తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు మీద ఏ గుంత దగ్గర రెండు చేతులతో పొట్ట పట్టుకోవాలో కూడా తెలుసు. ఎవరి దగ్గరా ఏమీ ఆశించకుండా ఆమె పదకొండు మందికి తోడు పోయింది. పన్నెండో మనిషి ఆమె బిడ్డ శ్వేత.

శ్వేతను సిరిసిల్లలో ఇచ్చారు. అల్లుడు మధుకర్ మరమగ్గాలు నడుపుతాడు, శ్వేత ఆ మగ్గాలకు నూలు కండెలు చుడుతుంది. ఏడాదిగా నెలసరి వస్తే పది రోజులకు గానీ ఆగడం లేదు. తల్లే ఆమెను జగిత్యాలలో తనకు తెలిసిన ఆ దవాఖానకు తీసుకుపోయి చూపించింది. మూడు వారాల తర్వాత వచ్చే సోమవారానికి ఆపరేషన్ తేదీ ఇచ్చారు.

శారద బీడీలు చుడుతుంది. మధ్యాహ్నం పూట ఐదారుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని ఆమె అరుగు మీద కూర్చుంటారు. తోడు పోయిన మనిషి హాజరు కార్ఖానా పుస్తకంలో తెగిపోకూడదని, మిగిలిన వాళ్లు తలా రెండు కట్టలు ఎక్కువ చుట్టి ఆమె పేరున ఇచ్చి రావడం ఆ అరుగు పద్ధతి.

"గీసారి నీ బిడ్డకే పోతున్నవ్ గద, మూడు రోజులేంది, వారం ఉండు. నీ కట్టలు మేం చుడ్తం," అన్నది లక్ష్మవ్వ. అరవై దాటిన మనిషి, ఆకు కత్తిరించే చెయ్యి మాత్రం ఆగదు. "కానీ గాడ నువ్వే కిందవడితె ఎట్లనే? శ్వేతకు తోడు నువ్వు, నీకు తోడు ఎవ్వలు?"

"నువ్వే రా, పెద్దమ్మా."

"నేనత్తె నన్ను గూడ పండవెట్టి కోస్తరు."

"అరవై ఏండ్లదాని సంచి వాళ్లకెందుకే?"

"వాళ్లకు ఏదైన సంచే," అన్నది లక్ష్మవ్వ. అరుగంతా నవ్వింది. శారద కూడా నవ్వింది.

లక్ష్మవ్వ భయం ఉత్తది కాదు. పద్నాలుగు నెలలుగా శారదకు కండ్లు తిరుగుతున్నాయి. మంచం మీద కుడివైపు ఒత్తిగిలితే చాలు, ఇల్లు మొత్తం గిర్రున తిరిగి, కడుపులోది నోట్లోకి వచ్చేది. పైన దండెం మీద ఆరేసిన గుడ్డ కోసం తల ఎత్తినా అంతే. ఒక నెల తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. నిరుడు అట్లా తూలి స్నానాల గది గడప మీద చెయ్యి ఆనించినందుకే కుడి మణికట్టు విరిగింది. మూడు నెలలు బీడీ చుట్టలేకపోయింది.

బీడీలు చుట్టే వాళ్లకు కండ్లు తిరిగితే ఆ వాడలో ఎవరూ కారణం వెతకరు. తంబాకు మత్తు అంటారు. కార్ఖానా గుమాస్తా అదే అన్నాడు, అరుగు అదే అన్నది. సూదులు వేసే ఆయన మాత్రం మెడ నరం అని పట్టీ కట్టాడు. శారద ముక్కుకు కొంగు చుట్టుకుని చుట్టింది, మెడకు పట్టీ పెట్టుకుని చుట్టింది. చివరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోవడం అలవాటు చేసుకుంది. తన కోసమైతే ఇంకా ఓర్చుకునేదేమో. మత్తులో ఉన్న బిడ్డ మంచం పక్కన తాను తూలిపడితే ఎట్లా అన్న ఆలోచన ఆమెను జగిత్యాలలోని చెవుల డాక్టర్ దగ్గరికి నడిపించింది. సోమవారం నాటికి తాను నిలబడి ఉండాలి, అంతే ఆమె కోరిక.

డాక్టర్ స్వర్ణలత నలభై ఏళ్ల మనిషి, తొందరపడి మాట్లాడదు. చెప్పిందంతా విని, శారదను బల్ల మీద కూర్చోబెట్టి, తలను కుడికి తిప్పి పట్టుకుని, ఒక్కసారి వెనక్కి పడుకోబెట్టింది. గది తిరిగింది. శారద డాక్టర్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"కండ్లు మూయకండి. నన్నే చూడండి," అన్నది డాక్టర్. శారద కనుగుడ్లు గిలగిలా కొట్టుకోవడం చూసి తల ఊపింది. తలను నెమ్మదిగా ఎడమకు తిప్పించింది, పక్కకు ఒత్తిగిలించింది, లేపి కూర్చోబెట్టింది. కాసేపాగి మళ్లీ కుడివైపు పడుకోమన్నది. శారద భయపడుతూ పడుకుంది. గది కదలలేదు.

"మన చెవి లోపల సున్నపు రవ్వల్లాంటివి సన్నగ ఉంటయమ్మా. అవి ఉండే చోటు నుంచి జారి పక్క గొట్టంల పడితె, తల తిప్పినప్పుడల్ల గిట్ల తిరుగుతది. వాటిని మల్ల వాటి చోటికి పంపిన."

"పద్నాలుగు నెలల సంది తంబాకు అన్నరు మేడం."

"చాట ఒళ్లె పెట్టుకొని చుట్టేటప్పుడు తిరుగుతయా కండ్లు?"

"తిరగయ్."

"పండుకుంటె తిరుగుతయ్. తంబాకు మంచం మీద ఉంటదా మరి?"

పద్నాలుగు నెలల రోగం ఐదు నిమిషాల్లో పోయిందన్న సంతోషం కంటే, ఇంత చిన్న ప్రశ్న తనను ఎవరూ అడగలేదే, తానూ వేసుకోలేదే అన్న దిగ్భ్రమే శారదకు ఎక్కువైంది.

డాక్టర్ అప్పటికే ఆమె మణికట్టు చూస్తున్నది. గడప మీద చెయ్యి ఆనితేనే విరిగిందా అని రెండుసార్లు అడిగింది. వయసు అడిగింది. నెలసరి ఎప్పుడు ఆగిందని అడిగింది.

"ఇరవై ఏడుకే, మేడం. సంచి తీసిండ్రు గద."

"తీసినంక ఒంట్లె సెగలు అచ్చినయా? ఉన్నట్టుండి చెమటలు?"

"అందరికి అచ్చేటియే గద. ఆపరేషన్ వేడి."

ఆ మాట విని డాక్టర్ రాయడం ఆపింది. "అందరికి అంటె?"

"మా గల్లీల తీయించుకున్నోళ్లందరికి. మజ్జిగ తాగితె సల్లవడ్తది."

డాక్టర్ ఆ మాట కూడా రాసుకుంది. ఎముకల బలం కొలిచే పరీక్షకు కరీంనగర్ పంపుతూ, చేతికి చీటీ ఇస్తూ ఒక్కో మాట తూచి చెప్పింది. "చెవిల రవ్వలు జారుడుకు, ఎముకలు గుల్లవారుడుకు సంబంధం ఉండొచ్చని కొన్ని పరిశోధనలల్ల తేలింది. కొన్నిట్ల తేలలే. మీకు గదే కారణమని నేను రాసియ్య. కానీ చూడకుండ ఇడిసిపెట్ట. అచ్చేటప్పుడు పాత ఆపరేషన్ కాయితాలు తీస్కరండ్రి."

సోమవారానికి నాలుగు రోజుల ముందు, గురువారం, శారద మళ్లీ జగిత్యాల వచ్చింది. కరీంనగర్ రిపోర్టుతో పాటు, ఇరవై ఒక్క ఏళ్లుగా పీఎఫ్ పుస్తకంతో కలిపి దాచుకున్న ప్లాస్టిక్ కవరు తెచ్చింది. పారేయకమ్మా అని అప్పుడు నర్సు చెప్పింది కాబట్టి దాచింది. అందులో ఏముందో చదివిన వాళ్లు లేరు. శారదకు చదువు రాదు. బీడీలు లెక్కపెట్టే చేతులు కాబట్టి అంకెలు మాత్రం వచ్చు.

డాక్టర్ ముందు రిపోర్టు చూసింది. నలభై ఎనిమిదేళ్ల మనిషికి డెబ్బై దాటిన మనిషి ఎముకలున్నాయని చెప్పింది. తర్వాత పాత కాగితం విప్పి, చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది.

"ఏమేం తీసిండ్రో మీకు చెప్పిండ్రా?"

"సంచి."

డాక్టర్ మందుల చీటీ వెనక ఒక బొమ్మ గీసింది. నడుమ సంచి, రెండు పక్కలా రెండు గింజలు. "సంచితోని పాటు ఇవి రెండు గూడ తీసిండ్రు. అండాశయాలు. వీటిల ఏ రోగం ఉన్నట్టు రాసి లేదు. సంచి ఒక్కటే పోతె నెలసరి ఒక్కటే ఆగుతది. ఇవి పోతె ముసలితనం ఆ రోజే మొదలైతది. మీరు ఆపరేషన్ వేడి అన్నది గదే. ఎముక గుల్లవారుడు గూడ గాన్నుంచే షురూ అయితది."

"సంచి ఒక్కటే అన్నరు, మేడం," అన్నది శారద. ఆ ఒక్క వాక్యాన్ని మూడుసార్లు అన్నది, ప్రతిసారీ అదే గొంతుతో.

సమ్మతి అంటే ఏమిటో చట్టంలో స్పష్టంగా ఉంది. ఏం చేయబోతున్నారో తెలిసి, వద్దనే వీలు ఉండి చెప్పిన ఔను. శారద ఆనాడు వేలిముద్ర వేసిన కాగితాన్ని ఎవరూ ఆమెకు చదివి వినిపించలేదు. భర్త జలపతి అప్పుడు మస్కట్‌లో ఉన్నాడు. తీయించుకోకపోతే ఏడాది తిరగకముందే క్యాన్సర్ అవుతుంది అని ఆ దవాఖాన మేడం చెప్పింది. ఆ మాటలో 'ఉండొచ్చు' లేదు, 'కాకపోవచ్చు' లేదు. ఇరవై ఒక్క ఏళ్ల తర్వాత నిజం చెబుతున్న డాక్టర్ ప్రతి మాటకూ హద్దు గీస్తుంటే, ఆనాడు అబద్ధం చెప్పిన నోరు ఎక్కడా తడబడలేదు. అదే ధీమాతో, అదే క్యాన్సర్ మాటను శారద తన నోటితో పదకొండు మందికి చెప్పింది.

"ఆపరేషన్ అప్పుడు మీకు ఎన్నేండ్లు అన్నరు?" అని అడిగింది డాక్టర్.

"ఇరవై ఏడు. శ్వేతకు ఆరేండ్లు."

డాక్టర్ కాగితాన్ని ఆమె వైపు తిప్పి, పేరు పక్కనున్న చిన్న గడి మీద వేలు పెట్టింది. నాలుగు, రెండు. శారద ఆ అంకెను ఇంతకుముందు చూసింది. కవరులో నుంచి కూడా కనబడేది అది.

"గిది మంచం నంబరనుకున్న, మేడం."

"కాదమ్మా, గిది వయసు. నలభై రెండు." డాక్టర్ వేలు తీయకుండానే అడిగింది. "ఆ దవాఖానల ఎన్ని మంచాలున్నయ్?"

శారద కళ్లు మూసుకోకుండానే ఆ హాలు చూసింది. ఎడమ గోడకు నాలుగు, కుడి గోడకు మూడు, తలుపు వెనక ఒకటి. తాను పడుకున్న మంచం, తాను పక్కన కూర్చున్న మంచాలు.

"ఎనిమిది," అన్నది.

నలభై దాటిన ఆడమనిషికి గర్భసంచి తీస్తే ఎందుకు తీశావని అడిగేవాళ్లు తక్కువ. ఇరవై ఏడేళ్ల మనిషికి తీస్తే కారణం రాయాలి. కారణం లేనప్పుడు వయసు రాస్తే సరిపోతుంది. ఒక మనిషి జీవితంలో నుంచి పదిహేనేళ్లు కలం పోటుతో ఎత్తుకుపోవడానికి పట్టిన సమయం, రెండు అంకెలు వేయడానికి పట్టినంతే.

శారద బస్టాండుకు వచ్చి కోరుట్ల బస్సు వదిలేసి, వేములవాడ మీదుగా సిరిసిల్ల పోయే బస్సు ఎక్కింది. కిటికీ ఆమెకు కుడివైపు ఉంది. ఏడాదికి పైగా అటు తల తిప్పే ధైర్యం చేయని మనిషి దారి పొడవునా అటే చూస్తూ కూర్చుంది. తల తిరగలేదు. పదకొండు పేర్లు వరుసగా గుర్తుకొచ్చాయి. ఎవరికి ఎప్పుడు సెగలు మొదలయ్యాయో, ఎవరికి నడుము వంగిందో, ఎవరి కాలు మెట్టు తప్పితే విరిగిందో గుర్తుకొచ్చింది. అందరికీ మజ్జిగ తాగమని చెప్పింది తానే.

శ్వేత ఇంట్లో రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్నది. గోడ అవతల మగ్గాల చప్పుడు. మధుకర్ పనిలో ఉన్నాడు.

"చెప్పకుండచ్చినవేందే అవ్వా?"

"సోమవారం పోవద్దు బిడ్డా."

"ఏంది?"

"ఆపరేషన్ వద్దు."

శ్వేత రాట్నం ఆపింది. "ఏడాది సంది నేనెట్ల ఎల్లదీస్తున్ననో నీకెర్కే. పది రోజులు నెత్తురు పోతె, పదకొండో రోజు గీ రాట్నం ముందట కూసుంట. తీసేస్తె పీడ పోతదని నువ్వే అన్నవ్. దవాఖానకు నువ్వే తీస్కపోయినవ్. గిప్పుడు వద్దంటున్నవ్."

శారద చెవి సంగతి చెప్పింది, ఎముకల సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ తన మాటలు తనకే అతకనట్టు వినిపించాయి.

"నీ చెవికి, నా కడుపుకు ఏం సంబంధమే? డాక్టర్ ఖాయంగ చెప్పిందా?"

"లే. ఉండొచ్చు అన్నది."

"ఉండొచ్చు అంటె లేకపోవచ్చు గూడ."

ఖాయమే అని ఒక్క మాట అంటే బిడ్డ ఆగిపోతుందని శారదకు తెలుసు. క్యాన్సర్ ఖాయమే అన్న మాటతోనే కదా పదకొండు మంది కదిలారు. ఆ మాట నోటి దాకా వచ్చింది.

"లేకపోవచ్చు గూడ," అని ఒప్పుకుంది. "గది నాకు తెల్వది. తెలిసింది ఒక్కటే. నాకు చెప్పకుండ రెండు తీసిండ్రు. గీ కాయితంల ఉన్నది. నువ్వు చదువుకున్నవ్ గద, చదువు."

శ్వేత ఇంటర్ దాకా చదివింది. విసుగుతోనే కాగితం అందుకుంది. కొన్ని మాటలు ఆమెకూ తెలియవు, తెలిసినంత చదివింది. పై గడి దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

"నీకు నలభై రెండేంది? అమ్మమ్మ వయసు రాసిండ్రా?"

తల్లి నవ్వలేదు. శ్వేత నవ్వు కూడా నెమ్మదిగా ఆగిపోయింది. కాగితం చేతిలో ఉండగానే లేచి, అద్దం వెనక చెక్కిన తన ఫైలు తీసింది. రక్తపరీక్ష, స్కానింగ్ ఫొటో, వాటి కింద సోమవారం తీసుకుని రమ్మని ఆ దవాఖాన ఇచ్చిన చేరిక చీటీ. దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చాలాసేపు నిలబడింది.

"ఎంతున్నది?" అని అడిగింది శారద.

శ్వేత చీటీని తల్లి పాత కాగితం పక్కన, నేల మీద పరిచింది. శారదకు చదివి చెప్పే అవసరం లేదు. నాలుగు, మూడు.

ఆ చీటీ చేతికిచ్చిన రోజు శారద పక్కనే ఉంది. శ్వేతకు ఇరవై ఏడు. తల్లిని కోసిన నాడు తల్లికీ ఇరవై ఏడే. ఇరవై ఒక్క ఏళ్లలో ఆ దవాఖానకు కొత్త రంగు వేశారు, లిఫ్టు పెట్టారు, మేడం కూతురు కూడా డాక్టర్ అయి అక్కడే కూర్చుంటున్నది. ఆ ఒక్క గడి నింపే పద్ధతి మాత్రం మారలేదు.

"నాకు నలభై మూడు," అన్నది శ్వేత, ఎవరి సంగతో చెబుతున్నట్టు. "పెండ్లై ఆరేండ్లు. నాకు నలభై మూడు." తర్వాత చీటీని రెండు చేతులా పట్టుకుని చింపబోయింది.

శారద ఆమె మణికట్టు పట్టుకుంది. "చింపకు. గిది మన తాన్నే ఉండాలె."

"ఆయనకు ఏం చెప్పాలె నేను?"

"నీ వయసు చెప్పు."

మరునాడు పొద్దున శారద బిడ్డను వెంటబెట్టుకుని జగిత్యాల సర్కారు దవాఖానకు పోయింది. తోడు పోవడం అదే, పోయిన తలుపు వేరు. అక్కడి డాక్టరమ్మ థైరాయిడ్ పరీక్ష రాసింది, గోలీలు ఇచ్చింది, మూడు నెలలు వాడి రమ్మన్నది. తగ్గకపోతే తర్వాతి మార్గాలు ఇంకా ఉన్నాయని, కోత వాటిలో చిట్టచివరిదని చెప్పింది. శ్వేత ఏడాదిగా భరించిన దానికి గోలీ అనేది ఒకటి ఉందని అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

సోమవారం తెల్లవారింది. శ్వేత ఆ మంచం మీద ఉండవలసిన వేళకు శారద కోరుట్లలో, తన గల్లీ చివరి ఇంటి ముందు నిలబడి ఉంది. అది అఖిల ఇల్లు. తాను తోడు పోయిన వాళ్లలో చివరి మనిషి అఖిల. రెండేళ్ల కిందట ఇద్దరూ ఆ దవాఖానకు పోయారు. మొదటి నుంచి రావడం కంటే చివరి నుంచి మొదలుపెట్టడమే శారదకు న్యాయంగా తోచింది. నష్టం ఇంకా ఆపగలిగే ఒళ్లు ఇదే.

అఖిల వాకిట్లో తునికాకు తడుపుతున్నది. శారదను చూసి ఆశ్చర్యపోయింది. "ఇయ్యాల శ్వేతకు ఆపరేషన్ గదక్కా. గీడున్నవేంది? నీ కట్టలు గూడ మేం చుట్టిపెట్టినం. ఎవ్వలకు పోతున్నవ్ తోడు?"

"నీకే."

"నాదయిపాయె గద."

"గందుకే. నీ దవాఖాన కాయితాలు తియ్యి."

అఖిల ముఖం మారింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది. "నన్ను తీస్కపోయింది నువ్వే గదక్కా."

"నేనే. అందుకే అడగనీకె గూడ నేనే అచ్చిన."

అఖిల లోపలికి పోయి ప్లాస్టిక్ కవరు తెచ్చింది. అందులోనూ పీఎఫ్ పుస్తకం, దాని వెనక మడిచిన కాగితం. శారద దాన్ని మోకాలి మీద పరిచి, పేరు పక్కనున్న గడి కోసం వేలితో వెతికింది. ఇప్పుడు ఆమెకు అది ఎక్కడ ఉంటుందో తెలుసు.

"నీకు ఆపరేషన్ అయినప్పుడు ఎన్నేండ్లే అఖిలా?"

"ఇరవై తొమ్మిది. నీకెర్క లేదా?"

శారద కాగితాన్ని ఆమె వైపు తిప్పి, వేలు ఆ అంకె కిందే ఉంచింది. నాలుగు, నాలుగు. అఖిల వంగి చూసింది. ఏమీ అర్థం కాని ముఖంతో తల ఎత్తింది.

"గిది టోకెన్ నంబరు గదక్కా?"